నాబీనాకు కావలసింది ఖైరాత్ కాదు, ఖబర్



ఈ మాట కొందరికి కష్టంగా అనిపిస్తుంది. అయినా చెప్పక తప్పదు. మన కౌమ్‌కి నాబీనాల మీద రహమ్ చాలా ఉంది. రంజాన్ వస్తే ఫిత్రా తీసి చేతిలో పెడతాం. దర్గా గుమ్మం దగ్గర కనిపిస్తే పది రూపాయలు వేస్తాం. నాబీనా హాఫిజ్ తరావీహ్ చదివిస్తే వెనక సఫ్‌లో నిలబడి కళ్లు తుడుచుకుంటాం. "సుభానల్లాహ్, చూపు లేకపోయినా ఖురాన్ మొత్తం గుండెలో దాచుకున్నాడు" అని ఇంటికెళ్లి చెప్పుకుంటాం. నమాజ్ అయ్యాక అదే హాఫిజ్ సాబ్ "భాయ్, ఇవాళ అఖ్‌బార్‌లో ఏముంది?" అని అడిగితే మాత్రం, "ఏముంటుంది హజ్రత్, అన్నీ మామూలే" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోతాం.

నా షికాయత్ అంతా ఆ ఒక్క జవాబు మీదే.

పది రూపాయలు ఇవ్వడానికి జేబులో చెయ్యి పెట్టాం. పది నిమిషాలు పేపర్ చదివి వినిపించడానికి మాత్రం టైం లేదన్నాం. ఎందుకంటే మొదటిది సవాబ్ అనుకుంటున్నాం, రెండోది టైంపాస్ అనుకుంటున్నాం. నేను అంటున్నది ఇదీ: లోకంలో ఏం జరుగుతోందో తెలుసుకోవడం నాబీనా హక్. చూపున్నవాడు ఆ ఖబర్ చేరవెయ్యడం ఎహ్‌సాన్ కాదు, జిమ్మేదారీ. నాబీనాల కోసం రోజూ పేపర్ చదివి రికార్డు చేసి పంపే ఆడియో అఖ్‌బార్ ప్రతి ఊళ్లో, ప్రతి మొహల్లాలో నడవాలి. దాన్ని నడిపే వలంటీర్లు మన ఇళ్లలోంచే రావాలి.

నాబీనా అనగానే మన కళ్ల ముందుకు వచ్చేది కర్ర పట్టుకున్న ఫకీర్. ముందు ఆ బొమ్మ చెరిపెయ్యండి. 2011 జనగణన ప్రకారం మన దేశంలో చూపు సమస్య ఉన్నవాళ్లు 50 లక్షల పైనే. వాళ్లలో చాలామంది పుట్టుకతో అలా ఉన్నవాళ్లు కారు. శుక్లాలు, నీటికాసులు, షుగర్. షుగర్ లేని ఇల్లు మన మొహల్లాలో ఎన్ని ఉన్నాయో మీరే లెక్క పెట్టుకోండి. నలభై ఏళ్లు రోజూ పొద్దున్నే హోటల్లో చాయ్ తాగుతూ సియాసత్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన పెద్దమనిషి, అరవై దాటాక రెటీనా పాడై ఇంట్లో కూర్చుండిపోతాడు. ఆ వయసులో బ్రెయిలీ నేర్చుకోవడం అందరివల్లా కాదు. ఆయన ఎక్కడో దర్గా మెట్ల మీద లేడు. మీ ఇంట్లోనే, ముందు గదిలో మంచం మీద ఉన్నాడు. ఆయన మీ అబ్బా. మీ నానా. మీ ఖాలూ.

ఆయనకి అన్నం పెడుతున్నారు, మందులిస్తున్నారు, వుజూకి నీళ్లు అందిస్తున్నారు. అల్హందులిల్లాహ్. మరి అఖ్‌బార్?

ఇక్కడ మన ఇళ్లలో జరిగే ఇంకో సంగతి చెప్పాలి. అబ్బా అడుగుతాడు. కొడుకు పేపర్ తిరగేసి, "ఏం లేదు అబ్బా, అంతా బాగానే ఉంది" అంటాడు. ఎక్కడో మనవాళ్ల మీద దాడి జరిగి ఉంటుంది, ఆ వార్త దాచేస్తాడు. "ఆయన బీపీ మనిషి, ఎందుకు చెప్పడం" అంటాడు. మొహబ్బత్‌తోనే చేస్తాడు, కాదనను. కానీ జరిగింది ఏమిటి? యాభై ఏళ్లు ఈ ఇంటిని నడిపిన మనిషికి ఏది తెలియాలో ఏది తెలియకూడదో ఇప్పుడు కొడుకు ఫైసలా చేస్తున్నాడు. చూపు పోయింది కళ్లకే. అఖల్‌కి కాదు, దిల్‌కి కాదు. చెడ్డ ఖబర్ విని బాధపడే హక్ కూడా మనిషిదే. దాన్ని లాక్కుంటే అది హిఫాజత్ కాదు, నజర్‌బందీ.

దీన్ పేరుతో ఎవరికైనా షక్ ఉంటే సూరయె అబస గుర్తు చేసుకోండి. హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ రజియల్లాహు అన్హు నాబీనా సహాబీ. హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం ఖురైష్ సర్దార్లతో మాట్లాడుతున్న టైంలో వచ్చారు. ఆయన వచ్చింది రొట్టె కోసం కాదు, దిర్హమ్‌ల కోసం కాదు. నాకు నేర్పండి, నాకు చెప్పండి అని వచ్చారు. ఆ నాబీనా తలబ్ ఎంత పెద్దదో చెప్పడానికి ఏకంగా వహీ దిగింది. పద్నాలుగు వందల ఏళ్లుగా ఆ సూరా చదువుతున్నాం. మన గుమ్మంలోకి వచ్చి "నాకు చెప్పండి" అనే నాబీనాకి మాత్రం ఇంకా రొట్టే ఇచ్చి పంపుతున్నాం.

ఆయన గురించే ఇంకో సంగతి. మదీనాలో హజ్రత్ బిలాల్ రజియల్లాహు అన్హుతో పాటు ఆయన కూడా ముఅజ్జిన్. రంజాన్‌లో బిలాల్ అజాన్ రాత్రి ఉండగానే అయ్యేది. ఇబ్నె ఉమ్మె మక్తూమ్ అజాన్ వినేదాకా తినొచ్చు, తాగొచ్చు. ఆయన అజాన్‌తోనే సహరీ బంద్. మరి చూపు లేని మనిషికి ఫజర్ అయిందని ఎలా తెలుస్తుంది? తెల్లవారింది, తెల్లవారింది అని ఎవరో చెప్పేవారు. అప్పుడు ఆయన అజాన్ ఇచ్చేవారు. సహీ బుఖారీలో ఉన్న సంగతి ఇది.

దీన్ని కాస్త నిదానంగా ఆలోచించండి. చూపున్నవాడి పని ఒక్కటే: ఆకాశం చూసి ఉన్నది ఉన్నట్టు ఖబర్ ఇవ్వడం. "మీకెందుకు హజ్రత్, అజాన్ నేనిచ్చేస్తా" అని అజాన్ ఇచ్చే చోటి నుంచి ఆయన్ని పక్కకు జరపలేదు. ఖబర్ అందింది, నాబీనా ముఅజ్జిన్ తన పని తాను చేశారు, ఊరు ఊరంతా ఆయన గొంతు మీద రోజా మొదలుపెట్టింది. అంతే కాదు, హుజూర్ (స) మదీనా వదిలి బయటికి వెళ్లినప్పుడు ఆయన్ని తన నాయబ్‌గా పెట్టి వెళ్లిన సందర్భాలున్నాయి. ఖబర్ అందితే నాబీనా మొహతాజ్ కాదు, ఊరికి పెద్ద. ఖబర్ అందకపోతేనే మొహతాజ్. ఆడియో అఖ్‌బార్ వలంటీర్ పని ఆ తెల్లవారిందని చెప్పినవారి పనే. అంతకన్నా తక్కువా కాదు, ఎక్కువా కాదు.

ఇదేమీ మనం కొత్తగా కనిపెట్టాల్సింది కూడా కాదు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో 1969లోనే నాబీనాల కోసం రేడియోలో పేపర్లు, పుస్తకాలు చదివే సర్వీసు మొదలైంది. మామూలు ఎఫ్ఎం తరంగం పక్కనే ఇంకో తరంగం మీద ప్రసారం చేసి, వినేవాళ్ల ఇళ్లకు దానికోసం ప్రత్యేకమైన రేడియో ఇచ్చేవారు. దాన్ని చూసి మిగతా రాష్ట్రాలూ పెట్టుకున్నాయి. చదివేది ఎక్కువగా వలంటీర్లే. బ్రిటన్‌లో 1970లో వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్ ఊళ్లో మొదటి మాట్లాడే వార్తాపత్రిక వచ్చింది. ఊళ్లో వారపత్రికను కొందరు కూర్చుని చదివి క్యాసెట్ మీద ఎక్కించడం, దాన్ని కాపీలు తీసి పోస్టులో పంపడం. క్యాసెట్ వచ్చే సంచి మీద అడ్రసు కార్డు ఉంటుంది. విన్నాక కార్డు తిరగేసి పెడితే వెనకవైపు పంపినవాళ్ల అడ్రసు. పోస్టుకి పైసా ఖర్చు లేదు. ఆ తర్వాత ఆ దేశంలో ఊరూరా అలాంటివి పుట్టుకొచ్చాయి. క్యాసెట్లు పోయి పెన్‌డ్రైవ్‌లు వచ్చాయి, ఇంటర్నెట్ వచ్చింది. చదివే మనుషులు మాత్రం పోలేదు.

ఆ సర్వీసుల్లో ఏం చదువుతారో తెలుసా? మరణ వార్తలు చదువుతారు. మునిసిపాలిటీ నోటీసులు చదువుతారు. అమెరికాలోనైతే కిరాణా కొట్ల ప్రకటనలు కూడా, ఏ వస్తువు ధర ఎంతో సహా చదువుతారు. నవ్వొస్తోందా? నాకు రాలేదు. సామాను ధర ఎంతో తెలిసినవాడినే దుకాణంవాడు మోసం చెయ్యలేడు.

ఇక మనవాళ్ల జవాబులు ఒక్కొక్కటే చూద్దాం.

"ఇప్పుడు ఫోనే అన్నీ చదివేస్తోంది కదా, వలంటీర్లు ఎందుకు?" ఇది అందరికన్నా హుషార్ మనుషులు చెప్పే మాట. ఫోన్‌లో టాక్‌బ్యాక్, కంప్యూటర్‌లో 2006 నుంచి ఉచితంగా దొరుకుతున్న ఎన్‌వీడీఏ, ఇవి నాబీనా జవాన్ల జిందగీ మార్చాయి, నిజమే. వాటితో స్వయంగా చదువుకునేవాళ్లకు మనం అక్కర్లేదు, వాళ్లకు సలాం. కానీ ఈపేపర్ తెరిచి టాక్‌బ్యాక్ ఆన్ చేసి చూడండి. పేజీ మొత్తం ఒక ఫోటో. ఫోన్‌కి అక్కడ అక్షరం లేదు, బొమ్మ ఉంది. బొమ్మలోంచి అక్షరాలు లాగే యాప్‌కి ఇస్తే పక్క పక్క కాలమ్‌లు కలిపేసి, పెళ్లి వార్తలో ప్రమాదం, ప్రమాదంలో క్రికెట్ కలుపుతుంది. ఉర్దూ అఖ్‌బార్ అయితే ఇంకా కష్టం. నస్తాలీఖ్ రాతలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఒకవేళ గుర్తుపట్టినా జేర్, జబర్, పేష్ రాసి ఉండవు కాబట్టి మషీన్ నోట్లో "ఇస్" కాస్తా "ఉస్" అవుతుంది. ఇక అరవై దాటాక చూపు పోయిన అబ్బా, ఏ బటన్ లేని నున్నటి అద్దం ఫోన్ మీద వేలు ఎక్కడ పెట్టాలో తెలియక దాన్ని పక్కన పెట్టేస్తాడు. మషీన్ పూర్తిగా నేర్చుకునే రోజు రావాలని నేనూ దువా చేస్తున్నాను. ఆ రోజు వచ్చేదాకా ఆయన్ని ఖబర్ లేకుండా కూర్చోమంటారా?

"టీవీ ఉంది, రేడియో ఉంది కదా." ఆకాశవాణి బులెటిన్ పది నిమిషాల్లో అయిపోతుంది. అందులో దిల్లీ ఉంటుంది, రాజధాని ఉంటుంది. మన మండలం ఉండదు. మన మండలం ఉండేది పేపర్ జిల్లా పేజీల్లో. పెన్షన్ ఎప్పుడు ఇస్తారు, సదరం క్యాంపు ఏ రోజు, కరెంటు ఎన్ని గంటలకు పోతుంది, ఖబరస్తాన్ గోడ పక్కన సర్వే ఎందుకు జరిగింది, ఇవన్నీ అక్కడే. టీవీ సంగతి చెప్పక్కర్లేదు. తెర మీద రాసి చూపించి, నోటితో కేకలు వేస్తారు. రాసినది నాబీనాకి అందదు, కేకలే అందుతాయి.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. చూపులేని మనిషికి మన దగ్గర వాట్సాప్ ఫార్వర్డ్ దొరుకుతుంది, చాయ్ దుకాణం మాట దొరుకుతుంది, అఖ్‌బార్ దొరకదు. అంటే అఫ్వా దొరుకుతుంది, ఖబర్ దొరకదు. 2025లో వక్ఫ్ సవరణ చట్టం వచ్చినప్పుడు ఏం జరిగిందో గుర్తుందా? మస్జిదులన్నీ పోతున్నాయన్నవాడొకడు, ఏమీ కాదన్నవాడొకడు. చూపున్న మనం పేపర్ తీసి, చట్టంలో ఏముందో, కోర్టులో ఏం వాదిస్తున్నారో చదువుకున్నాం. చదివి వినిపించేవాళ్లు లేని నాబీనా ఏం చేశాడు? ఎవడు గట్టిగా చెబితే అది నమ్మాడు. ఖబర్ వస్తే తహ్‌కీక్ చేసుకోమని సూరయె హుజురాత్‌లో హుకుం ఉంది. ఆ హుకుం నాబీనాకి మాఫ్ కాలేదు. పేపర్ మూసిపెట్టి తహ్‌కీక్ చేసుకోమంటే ఎలా చేస్తాడు?

"కాపీరైట్ కేసు పడుతుందేమో." పడదు. చూపులేనివాళ్లు, చదవలేనివాళ్లు వాడుకునే రూపంలోకి ఏ రచననైనా మార్చి, లాభం లేకుండా వాళ్లకు ఇవ్వడానికి 2012లో మన కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ దారి ఇచ్చింది. ఆ తర్వాత ఇదే విషయం మీద వచ్చిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికన్నా ముందు ఆమోదించిన దేశం మనదే. రికార్డింగ్ నాబీనాలకే పంపండి, డబ్బు తీసుకోకండి, యూట్యూబ్‌లో పెట్టి వ్యూస్ ఏరుకోకండి. అంతే.

"ఆడియో పెడదాం భాయ్, కానీ బయాన్లు పెడదాం, దీనీ మాటలు పెడదాం. సినిమాలు, క్రికెట్ వాళ్లకెందుకు?" ఈ మాట అనేవాళ్లు నేక్ నియ్యత్‌తోనే అంటారు. కానీ ఇది కూడా ఆ కొడుకు చేసిన పనే. మీరు పేపర్ తెరిస్తే ముందు ఏ పేజీ చూస్తారు? నిజం చెప్పండి. మీకు క్రికెట్ స్కోరు కావాలి, నాబీనాకి మాత్రం తఖ్వా ఒక్కటే చాలా? బయాన్లకు ఇప్పటికే యూట్యూబ్ నిండిపోయింది. లేనిది జిల్లా పేజీ. వలంటీర్ ముఫ్తీ కాదు, ఎడిటర్ కాదు. ఆయన గొంతు వేరేవాళ్ల కళ్లకు అమానత్. ఏది ఉంటే అది చదవాలి. తన పార్టీకి వ్యతిరేకంగా ఉన్నదీ చదవాలి, తన మస్లక్‌కి నచ్చనిదీ చదవాలి. మధ్యలో "చూశారా ఎంత జుల్మో" అని తన మాట కలిపితే అది ఖియానత్.

"మా తెలుగు బాగుండదు, మా ఉచ్చారణకి నవ్వుతారు." ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని, ఈ నవ్వు నాకు తెలుసు. "తురక తెలుగు" అని వెక్కిరించినవాళ్లు ఉన్నారు. కానీ ఒక మాట ఆలోచించండి. ఐన్‌కీ అలిఫ్‌కీ, సాద్‌కీ సీన్‌కీ పలకడంలో తేడా రావాలని ఆరేళ్ల పిల్లవాణ్ని మక్తబ్‌లో గంటలు గంటలు కూర్చోబెట్టే ఉమ్మత్ మనది. తజ్వీద్ నేర్చిన నాలుకకి ల, ళ, న, ణ కష్టమా? నెల రోజులు గట్టిగా పేపర్ చదివితే అదే వస్తుంది. వినేవాడికి రేడియో గొంతు అక్కర్లేదు. స్పష్టంగా, నిదానంగా, పేరూ అంకే తప్పు లేకుండా ఉంటే చాలు.

"మా ఆడపిల్లలు చదవొచ్చా?" నాబీనా ఖాలాలు, ఫూఫీలు, ఆపాలు ఎంతమంది ఇళ్లలో కూర్చుని ఉన్నారో చూడండి. మగవాడైతే ఎవరి భుజం మీదో చెయ్యి వేసుకుని మస్జిద్ దాకా వెళ్తాడు, నాలుగు మాటలు చెవిన పడతాయి. ఆమెకి అది కూడా లేదు. ఆడవాళ్లకు ఆడవాళ్లే చదివి పంపే గ్రూపు పెట్టండి. ఏ అభ్యంతరమూ మిగలదు. ఇంటర్ చదివే బిడ్డ గొంతులో రోజూ అరగంట పేపర్ వినడం ఆ ఖాలాకు ఎంత పెద్ద సంగతో ఆమెనే అడిగి చూడండి.

పని ఎలా చెయ్యాలో కూడా చెబుతాను, ఎందుకంటే నియ్యత్ ఉండి పద్ధతి లేకపోతే వారంలో ఆగిపోతుంది. ఒక మొహల్లాకి పద్నాలుగు మంది కావాలి, రోజుకి ఇద్దరు. ఒకరు మొదటి పేజీలు, ఒకరు జిల్లా పేజీలు. వాట్సాప్ వాయిస్ మెసేజ్ చాలు, పెద్ద మైకులు అక్కర్లేదు. తలుపు మూసి, ఫ్యాను ఆపి, ఫోన్ నోటికి జానెడు దూరంలో పెట్టండి. మొదట పేపర్ పేరు, తారీఖు. తర్వాత ఇవాళ ఏమేం ఉన్నాయో హెడ్డింగులన్నీ ఒకసారి. ఆ తర్వాత ఒక్కో వార్త ఒక్కో ముక్కగా రికార్డు చెయ్యండి, అప్పుడు ఇష్టం లేనిది వదిలేసి ముందుకు వెళ్లడం వాళ్ల చేతుల్లో ఉంటుంది. ఫోటో ఉంటే అందులో ఏముందో రెండు మాటల్లో చెప్పండి, కార్టూన్ కూడా. ఫోన్ నెంబర్లు, చివరి తేదీలు రెండుసార్లు చదవండి. పొద్దున ఎనిమిదికల్లా పంపెయ్యండి. సాయంత్రం అందే అఖ్‌బార్ పొట్లం కట్టడానికే.

అన్నిటికన్నా ముఖ్యమైనది పాబందీ. డిసెంబర్ 3 వికలాంగుల దినం, జనవరి 4 బ్రెయిలీ దినం, ఆ రెండు రోజులూ కర్రలు పంచి, పూలదండ వేసి ఫోటో దిగేవాళ్లకు మన దగ్గర కరువు లేదు. దాన్ని రియా అంటారని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆడియో అఖ్‌బార్‌లో ఫోటో ఉండదు. చదివేవాడి మొహం వినేవాడికి తెలియదు. కుడి చేత్తో ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదని చెప్పుకునే మనకి ఇంతకన్నా తగిన ఖిద్మత్ ఏముంది? కానీ ఒక్క రోజు మానితే ఆ రోజు పదిమందికి పేపర్ రానట్టే. ముఅజ్జిన్ ఇవాళ బద్ధకంగా ఉందని ఫజర్ అజాన్ మానేస్తే ఊరుకుంటామా?

చివరిగా నా సొంత పేషావాళ్లకి, పేపర్లు నడిపే పెద్దలకి ఒక మాట. 2016 వికలాంగుల హక్కుల చట్టం పత్రికల్లోనూ మీడియాలోనూ వచ్చేదంతా అందరికీ అందే రూపంలో ఉండాలంటోంది. ఆ బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది నిజమే, కానీ పేజీని బొమ్మగా పెట్టేది మనం. రాత్రి డెస్కులో ఆ వార్త అక్షరాలుగానే ఉంటుంది, పొద్దునకి ఫోటో అవుతుంది. ఆ అక్షరాలనే ఫోన్ చదవగలిగేలా పెట్టండి. మీరు ఆ పని చేసిన రోజు వలంటీర్లు సగం మంది సంతోషంగా సెలవు తీసుకుంటారు.

అప్పటిదాకా ఈ పని మనది. రేపు ఫజర్ తర్వాత మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న నాబీనా పెద్దాయన దగ్గరో, ఖాలా దగ్గరో కూర్చోండి. చేతిలో డబ్బు పెట్టకండి. పేపర్ విప్పి, ఏ పేజీ నుంచి మొదలుపెట్టమంటారో అడగండి.